మైనస్‌లో పడిన ట్రాలీ ఆటో

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే నా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన నా పాత పొదుపు ఖాతాలో కనీస నిల్వ లేదట, అందుకని ఛార్జీ వేశారట. పంపింది ఎవరో కాదు, నేను జీవితమంతా చాకిరీ చేసిన బ్యాంకే. నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఆయన వంటింట్లోంచి వచ్చి, "ఏంటి, లాటరీ తగిలిందా?" అన్నారు. "కాదండీ, మా బ్యాంకు నన్ను గుర్తు పెట్టుకుంది" అన్నాను.

నవ్వాక ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆ బ్రాంచి, ఆ రోజు, ఆ తుమ్ములు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. కొత్తగా బ్యాంకు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలూ, కాస్త కూర్చోండి, చెప్తాను. నా సర్వీసులో అంత గొప్ప రోజు ఇంకోటి లేదు.

గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే హైవే దిగి లోపలికి పోతే నల్లరేగడి భూములు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. నా ఆఖరి పోస్టింగు అక్కడ, మండలం ఊళ్లో, మేనేజరుగా. మిరప కోతలు మొదలైతే ఆ ఊళ్లో గాలికి కూడా కారం తగిలేది. కూలీలు తెచ్చే నోట్లకి ఎంత ఘాటంటే, మా క్యాషియరు లెక్కపెడుతూ తుమ్మేవారు. ఆయన వరసగా తుమ్ముతుంటే, ఏదో కూలీల ముఠా డబ్బు కట్టడానికి వచ్చిందని నా క్యాబిన్‌లోంచే నాకు తెలిసిపోయేది.

ఆ క్యాషియరు గురించి చెప్పకుండా ఈ కథ సాగదు. అమరావతి వైపు ఒక శివాలయం అర్చకుడి కొడుకు. బక్కపలచని మనిషి, నుదుటిన చెరగని విభూతి. రూలంటే ప్రాణం. పొద్దున క్యాష్ క్యాబిన్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటే కౌంటరు మూసేదాకా బయటికి వచ్చేవారు కాదు. టీ కూడా కిటికీలోంచే. నాకూ ఆయనకీ ఫ్యాను దగ్గర్నుంచి పెన్ను మూత దాకా ప్రతిదానికీ తగువే. "మేడమ్, సర్క్యులర్‌లో అలా లేదు" అనేవారు. "సర్క్యులర్‌లో మీ తుమ్ములు కూడా లేవండీ" అనేదాన్ని నేను.

ఇక ఆ ట్రాలీ ఆటో సంగతి. మిరపకాయలు కోసే ఆడవాళ్ల ముఠా ఒకటి ఉండేది, పాతిక మందికి పైనే. దానికి మేస్త్రి ఒక నలభై ఏళ్ల మనిషి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. అంతకుముందు వాళ్లని చేలకి తీసుకెళ్లే ఆటోవాడు కూలిలో కోత పెట్టుకునేవాడు, తనకి నచ్చిన రైతు దగ్గరికే తోలేవాడు. ఆమె తెగించి ఫైనాన్స్‌లో ఒక ట్రాలీ ఆటో కొంది. నడపడం తనే నేర్చుకుంది. బండి చేతికొచ్చాక ఏ రైతు ఎక్కువ కూలి ఇస్తే ఆ చేనికి పోయేవాళ్లు, బడి వదిలే వేళకి పిల్లల దగ్గరుండేవాళ్లు. బండి కాగితాల్లో ఆమెదే కానీ, నిజానికి ముఠా అందరిదీ.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అక్కడ రైతులు కూలి లెక్క శనివారం సాయంత్రం చూస్తారు. ఆదివారం ముఠా వాళ్లకి చర్చి, పని ఉండదు. బండి వాయిదా మాత్రం నెలలో ఒక తేదీన దానంతటదే ఖాతాలోంచి పోతుంది. ఆ తేదీకి శనివారంతో పని లేదు. మొదటిసారి ఆ తేదీన ఖాతాలో కాస్త తక్కువైంది. నాకంటే ముందున్న మేనేజరు మంచాయన, వాయిదా వెనక్కి పోతే పాపం అని ఖాతాని మైనస్‌లోకి పంపి కట్టించేశాడు. ముందుగా మంజూరు లేకుండా మైనస్‌లోకి పోతే ఏమవుతుందో మీకు తెలుసుగా. దానికి జరిమానా వేరు, వడ్డీ వేరు, జరిమానా మీద పన్ను వేరు. శనివారం ఆమె తెచ్చి కట్టిన డబ్బుని ముందు ఆ జరిమానా మింగింది. దాంతో తర్వాతి నెల సరిగ్గా ఆ మేరకే తక్కువైంది. ఈసారి వాయిదా వెనక్కి పోయింది, పోయినందుకు మా బ్యాంకు ఒక ఛార్జీ, ఫైనాన్స్ వాళ్లు ఒక ఛార్జీ. ఆ పై నెలా అంతే.

నేను ఆ బ్రాంచిలో చేరిన కొత్తలో ఆమె నా క్యాబిన్‌లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేనేజరమ్మా, నేను కట్టకుండా ఎగ్గొట్టానా?"

"లేదమ్మా."

"మరి నా డబ్బులు ఏ దారిన పోతన్నాయో నువ్వన్నా చెప్పు తల్లీ."

కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి వేలు పెట్టి చూపించాను. "ఇదిగో, ఇది ఖాతాలో డబ్బు లేనందుకు. ఇది ఆ జరిమానాకి సరిపడా డబ్బు లేనందుకు. ఇది మళ్లీ దానికి."

ఆమె తెర వంకా నా వంకా చూసింది. "లేనందుకు డబ్బు కట్టమంటే యాడి నుంచి వస్తదమ్మా? ఉంటే లేకుండా ఎందుకుంటది?"

నాకు నా కుర్చీ మీదే కోపం వచ్చింది. ఆమె వెళ్తూ అసలు సంగతి చెప్పింది. వచ్చే వాయిదా కూడా వెనక్కి పోతే బండి ఎత్తుకెళ్తామని ఫైనాన్స్ వాళ్లు ఇంటికొచ్చి చెప్పి పోయారట.

ఆ వాయిదా రోజు రానే వచ్చింది. పొద్దున బ్రాంచి తలుపులు తీసేసరికి బయట ట్రాలీ ఆటో, దాని నిండా ఆడవాళ్లు. ముఠా మొత్తం చేను మానేసి వచ్చింది. ఎవరి పమిట కొంగులో వాళ్ల కూలి డబ్బు. అందరూ తలా కాస్త వేసి వాయిదా గట్టెక్కించాలని నిర్ణయించుకున్నారట. మేస్త్రి ముఖంలో సిగ్గు, సంతోషం రెండూ ఉన్నాయి. రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద కూర్చుని బండినే చూస్తున్నారు. ఫైనాన్స్ వాళ్లని వేరే చెప్పాలా? మధ్యాహ్నం లోపు ఖాతాలో డబ్బుంటే వాయిదా పోతుంది, లేకపోతే బండి పోతుంది. అంతే లెక్క.

నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. మీరు బయట సంగతి చూడండి, నేను పాత జరిమానాల సంగతి చూస్తాను అని క్యాషియరుకి చెప్పి, గుంటూరులో మా రీజనల్ ఆఫీసుకి ఫోను చేశాను. అక్కడ ఒక పెద్ద అధికారి.

"మేడమ్, మెయిల్ పెట్టండి, చూస్తాం."

"మీరు చూసేలోపు బండి పోతుంది సార్."

"రూలు అందరికీ ఒకటే కదా మేడమ్."

ఇలా వాదిస్తూనే తెర మీద మేస్త్రి ఖాతా తెరిచి పెట్టుకున్నాను. బయట క్యాషియరు తుమ్ములు, స్టాంపు చప్పుళ్లు జోరుగా వినిపిస్తున్నాయి. మైనస్ తగ్గుతోంది. సున్నా దాటింది. ప్లస్‌లోకి వచ్చింది. నేను కుర్చీలో ముందుకు జరిగాను. తర్వాత ఏదో తేడా కనిపించింది. బయట తుమ్ము వినిపిస్తోంది, స్టాంపు పడుతోంది, కానీ నిల్వ పెరగాల్సినంత పెరగడం లేదు. కిందికి జరిపి చూశాను. డబ్బు పడుతున్న ప్రతిసారీ దాని వెనకే ఒక చిన్న కోత. డిపాజిట్, కోత. డిపాజిట్, కోత.

అప్పుడు వెలిగింది నాకు. ఖాతాలో నెలకి మూడుసార్లే నగదు ఉచితంగా కట్టొచ్చు. అది దాటితే కట్టిన ప్రతిసారీ ఛార్జీ, దాని మీద పన్ను. ఈ మహాతల్లులు ఒక్కొక్కరే వరసలో నిలబడి, ఎవరి స్లిప్పు వాళ్లు రాయించుకుని, ఎవరి డబ్బు వాళ్లు విడివిడిగా కడుతున్నారు! ఎంతమంది సాయం చేస్తే అన్ని కోతలు!

ఫోను బల్ల మీద పడేసి హాల్లోకి పరిగెత్తాను. "ఆపండి! ఎవరూ వెయ్యొద్దు! ఆపండి!"

బ్యాంకులో దొంగలు పడ్డారనుకున్నట్టు అందరూ బిగుసుకుపోయారు. మేస్త్రి అయితే బండి ఎత్తుకుపోతున్నారనుకుని వీధిలోకి పరిగెత్తింది. బండి ఉన్నచోటే ఉండటం చూసి రొప్పుతూ లోపలికొచ్చింది. నేను క్యాష్ కిటికీ దగ్గరికెళ్లి, "ఏమండీ, మీకైనా తెలియదా? అందరిదీ కలిపి ఒకేసారి కట్టించుకోవచ్చుగా!" అని క్యాషియరు మీద విరుచుకుపడ్డాను.

ఆయన కళ్లు తుడుచుకుంటూ, "మొదటి ఆమెకే చెప్పాను మేడమ్. వింటేగా! అడగండి వాళ్లనే" అన్నారు.

అడిగాను. వరసలో ముందున్న ముసలామె నోట్లు గుప్పిట్లో బిగించుకుని నిలబడింది. ముఠాలో పెద్ద ఆమే. "అట్టా ఎట్టా కుదురుద్దమ్మా? మా చర్చిలో కానుక సంచి వస్తే పసిబిడ్డ కానుక కూడా ఆ బిడ్డ చేత్తోనే ఏయిస్తాం. ఇంకొకళ్ల చేతికిచ్చి పంపితే అది ఇచ్చినట్టా? నా చేత్తో నేనే ఏస్తా" అంది. వెనకున్న వాళ్లంతా తలలూపారు.

నేను ఛార్జీ సంగతి చెప్పాను. హాలు హోరెత్తిపోయింది.

"మా డబ్బులు మేం ఏస్తే మాకే కోతా?"

"తీసుకుంటే కోత అంటే సరే, ఇస్తే కూడా కోతేంది?"

మేస్త్రి గోడకి ఆనుకుని కూలబడింది. "వద్దులే, పోనీండి బండి. మీ కూలి డబ్బులు కూడా నా ఖాతాలో పడి పోతన్నాయి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత పెద్ద గొంతు మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను భరించలేకపోయాను.

అప్పుడు జరిగింది నేను ఎన్నడూ చూడనిది. క్యాష్ క్యాబిన్ గడియ చప్పుడైంది. క్యాషియరు డ్రాయరుకి తాళం వేసి, క్యాబిన్‌కి తాళం వేసి, బయటికి వచ్చారు. కౌంటరు నడిచే వేళ! మా బ్రాంచిలో శుక్రవారం పూజకి ఒక ఇత్తడి పళ్లెం ఉండేది. ఆయన తిన్నగా వెళ్లి దాన్ని తీశారు. పళ్లెం నిండా పాత కుంకుమ మరక. వాళ్ల వంక ఒకసారి చూశారు. జేబులోంచి చేతిరుమాలు తీసి, కుళాయి దగ్గర తడిపి, ఆ కుంకుమ మరకంతా శుభ్రంగా తుడిచారు. నుదుటి విభూతితో ఆ మనిషి హాలు మధ్యలో పళ్లెం పట్టుకుని నిలబడి, "రండమ్మా. ఎవరి చేత్తో వాళ్లే వెయ్యండి. స్లిప్పు మాత్రం ఒక్కటే" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి? ఇన్నాళ్లూ పెన్ను మూత కోసం తగువులాడింది ఈయనతోనా అనిపించింది. ముసలామె ముందుకొచ్చి, నోట్లు రెండు చేతుల్తో పళ్లెంలో పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు. ఆ ఘాటుకి ఆయన తుమ్ముతున్నారు, పళ్లెం మాత్రం కదలకుండా పట్టుకున్నారు.

ఇక్కడ నాకు ఫోను గుర్తొచ్చింది. క్యాబిన్‌లోకి వెళ్లి చూస్తే అధికారిగారు ఇంకా లైన్‌లోనే ఉన్నారు, "హలో, హలో" అంటున్నారు. నాకు అప్పటికే పూనకం వచ్చినట్టుంది. ఫోను స్పీకర్‌లో పెట్టి హాల్లోకి తెచ్చాను.

"సార్, ఇందాకటి కోతల సంగతి వీళ్లకి మీరే చెప్పండి. నేను చెప్తే వీళ్లకి అర్థం కావడం లేదు, నాకూ అర్థం కావడం లేదు."

ముసలామె ఫోను ముందుకి వంగి నమస్కారం పెట్టింది. "దండాలయ్యా. మేం మిరక్కాయలు కోసే ఆడోళ్లం. మా పిల్ల ఖాతాలో మా కూలి డబ్బులు ఏసుకుంటన్నాం. మజ్జలో మీరెందుకు తీసుకున్నారయ్యా?"

"అది... ఛార్జెస్ అమ్మా. సిస్టమ్ తీసుకుంటుంది."

"మరి ఆ సిస్టమ్‌కి చెప్పేవోళ్లు ఎవరయ్యా? మీరే గదా?"

ఆయన ఏదో అనబోయేలోపు ఇంకొకామె వంగింది. "దండాలయ్యా. నాదీ అదే మాట." తర్వాత ఇంకొకామె. "దండాలయ్యా." వాళ్లకి అలవాటే కదా, ఎవరి మాట వాళ్లే చెప్పాలి. ఒక్కరూ తిట్టలేదు, ఒక్కరూ గొంతు పెంచలేదు. వరసగా దండాలు పెడుతూనే ఉన్నారు. పాపం, ఆ దండాలకి ఆయన తట్టుకోలేకపోయారు.

"మేడమ్, దయచేసి స్పీకరు ఆపండి" అన్నారు. ఆపాను. "ఈ రోజు పడ్డ ఛార్జీలు వెనక్కి వేసెయ్యండి, నేను మాట్లాడుకుంటాను. పాతవి మాత్రం నా చేతిలో లేవు."

అంతే చాలు! నేను తెర మీద కోతలు ఒక్కొక్కటే వెనక్కి వేస్తుంటే, క్యాషియరు పళ్లెంలోది ఒక్క స్లిప్పు మీద జమ చేశారు. ఇద్దరం కిటికీకి అటూ ఇటూ నిలబడి తెర చూశాం. గడియారం వంక చూడాలంటే భయం. వాయిదాకి ఇంకా కాస్త తక్కువ. పెద్ద మొత్తం కాదు. పాత జరిమానా మింగిందే అది.

"ఎంతమ్మా?" అంది ముసలామె. చెప్పాను. ఆమె జాకెట్టులోంచి చిన్న చేతిరుమాలు మూట తీసి విప్పింది. మేస్త్రి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, వద్దు! అది ఆదివారం కానుక. దేవుడిది."

"ఆయన జరిమానాలు ఎయ్యడులేవే" అంది ముసలామె. "వచ్చే వారం రెండూ కలిపి ఏద్దాం."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక అందరూ నవ్వారు. అందరూ మూటలు విప్పారు. పళ్లెం రెండో చుట్టు తిరిగింది. క్యాషియరు ఈసారి దాదాపు పరుగున క్యాబిన్‌లోకి వెళ్లారు. లెక్క, తుమ్ము, స్టాంపు. దానికి పడ్డ కోత కూడా నేను వెనక్కి వేసేశాను. సరిపోయింది! ఒక టీకి సరిపడా మిగిలింది కూడా.

తర్వాత మేం చెయ్యగలిగింది ఏమీ లేదు. ఎదురుచూడటమే. మేస్త్రి తన ఫోను క్యాష్ కిటికీ గట్టు మీద పెట్టింది. అందరూ దాని చుట్టూ మూగారు. మిగతా ఖాతాదారులు కూడా తమ పని మర్చిపోయి నిలబడ్డారు. ఒక రైతు అయితే, "వస్తదా రాదా?" అని నన్ను పట్టుకుని ఊపేశాడు. ఫోను మోగింది. మేస్త్రి చూడలేక కళ్లు మూసుకుంది. క్యాషియరు కిటికీలోంచి చెయ్యి చాపి ఫోను తీసుకుని, గొంతు సవరించుకుని, గుళ్లో గోత్రనామాలు చదివినంత స్పష్టంగా చదివారు. "మీ వాహన రుణం వాయిదా మీ ఖాతా నుంచి చెల్లించబడినది."

ఆ అరుపులు మీరు వినాల్సింది! సీలింగు ఫ్యాను మీద దుమ్ము రాలిందంటే నమ్మండి. మేస్త్రి నన్ను ఎత్తి తిప్పేసింది, నేను తక్కువ బరువేం కాదు. రోడ్డు అవతల కుర్రాళ్లిద్దరూ టీ గ్లాసులు పెట్టేసి బైకు స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు. వెళ్తూ ఒకడు మేస్త్రికి చెయ్యి కూడా ఊపాడు. వాళ్ల ఉద్యోగం వాళ్లది, పాపం.

ఆ మర్నాడే ఆమె గుంటూరు వెళ్లి ఫైనాన్స్ ఆఫీసులో కూర్చుంది. శనివారం కూలి చేతికొచ్చాకే వాయిదా పోయేలా తేదీ మార్పించుకుని గానీ లేవలేదు. ఆ తర్వాత ఒక్క వాయిదా కూడా వెనక్కి పోలేదు. నేను పాత జరిమానాల గురించి పైకి రాసిన ఉత్తరానికి మాత్రం, మీ సూచనకి ధన్యవాదాలు అని జవాబొచ్చింది. ఇంకో ఉత్తరం కూడా వచ్చింది, ఒకే రోజు అన్ని ఛార్జీలు ఎందుకు వెనక్కి వేశారో సంజాయిషీ ఇవ్వమని. ఉన్నదున్నట్టు రాశాను. పళ్లెం సంగతి కూడా రాశాను. దాని మీద ఎవరూ ఏమీ అడగలేదు.

పిల్లలూ, మీకు నీతులు చెప్పే ఓపిక నాకు లేదు. ఒక్క మాట మాత్రం వినండి. కిటికీ అవతల మనిషికి "సిస్టమ్ తీసుకుంది" అని చెప్పేముందు, ఒకసారి మీ కుర్చీలోంచి లేచి హాల్లోకి రండి. ఖాతాలో ఏమీ లేనివాడి దగ్గర, లేనందుకే వసూలు చెయ్యడం నాకు అప్పుడూ సిగ్గే, ఇప్పుడూ సిగ్గే.

నా రిటైర్మెంటు రోజు సాయంత్రం, దండలూ ఉపన్యాసాలూ అయ్యాక, బయట ట్రాలీ ఆటో హారను మోగింది. బండికి కొత్త రంగు వేయించారు. బాకీ అంతా తీరిపోయిందట, కాగితాలు తెచ్చి చూపించింది మేస్త్రి. ముఠా అంతా హాల్లోకి వచ్చింది. ఒక్కొక్కరి కొంగులో ఎండు మిరపకాయలు, ఆ ఏటి కోతలో ఏరి పెట్టుకున్న మేలిరకం. నేను సంచి తెరిచి, "అన్నీ కలిపి ఒక్కసారే పోసెయ్యండమ్మా" అన్నాను.

"అదేం కుదరదు మేనేజరమ్మా" అంది ముసలామె. తన చేత్తో ఒక గుప్పెడు వేసింది. తర్వాత ఇంకొకామె, ఆ తర్వాత మేస్త్రి. నాలుగో ఆమె చెయ్యి చాపిందో లేదో, క్యాష్ క్యాబిన్‌లోంచి గట్టిగా కేక వినిపించింది.

"అమ్మా, ఆగండి! మూడు అయిపోయాయి! ఇక్కణ్ణించి ఛార్జీ పడుతుంది!"

హాలంతా నవ్వులతో నిండిపోయింది. ఆ ఘాటుకి ఆయన తుమ్ముతూనే ఉన్నారు, వాళ్లు వేస్తూనే ఉన్నారు.